కిటికీ పక్క సీటు

ఆక్లాండ్‌లోని మా ఇంట్లో, అమ్మ శవపేటిక చుట్టూ, సమోవా నుంచి తెచ్చిన చాపల మీద అందరం మఠం వేసుకుని కూర్చున్నాం.

అమ్మ చర్చి బృందంతో అమెరికా వెళ్లి పాడి వచ్చింది. విమానం దిగగానే కుప్పకూలిపోయింది. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరిందన్నారు. అన్ని గంటలు కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుందని, బయలుదేరేముందు బిగుతు మేజోళ్లు కొనిచ్చి, మధ్యమధ్య లేచి నడవమని నేను మరీమరీ చెప్పాను.

"అయ్యగారూ, విమానంలో అమ్మ లేచి నడిచిందా?" అని పాస్టర్ ఇయోసెఫోను అడిగాను.

"ఎక్కడమ్మా, లోసా! తనది కిటికీ పక్క సీటు, దారి పక్కన నేను. ఎక్కగానే నిద్రపోయాను. దిగేదాకా నన్ను ఒక్కసారి కూడా లేపలేదు మహాతల్లి. ఈ రోజుల్లో అంత మర్యాద ఎవరికుంది?"

అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

ఆయన అమ్మ మర్యాద గురించి చెబుతూనే ఉన్నారు. నా కాళ్లు తిమ్మిరెక్కాయి. మోకాళ్ల కింద ఏమీ తెలియడం లేదు. కాస్త కదిలాను.

పక్కనున్న పిన్ని నా చెయ్యి గిల్లింది. "కాళ్లు చాపకే, ఎదురుగా అయ్యగారున్నారు."

"తెలుసు పిన్నీ," అన్నాను. "అమ్మ నేర్పిందిగా."