నీడపట్టున పెరిగిన బెండ

"నా గొడుగేదీ?" అంటూ మా ఆయన ఇల్లంతా గాలిస్తుంటే, బాల్కనీలోంచి అత్తయ్య నవ్వు వినిపించింది.

నేను గబగబా బాల్కనీలోకి వెళ్లాను. ఆ గొడుగు నా బెండమొక్కల తొట్టె మీద కట్టి ఉంది. కొత్త కాపురంలో నేను వేసిన మొదటి మొక్కలవి.

"ఎండ మండిపోతోంది కదత్తయ్యా, పాపం వాడిపోతాయేమోనని..." నసిగాను. "అయినా ఒక్క పువ్వూ పూయలేదు. మీరు ఊరెళ్లేలోపు ఒక్క కాయైనా చూపిద్దామని ఎంత ఆశపడ్డానో! నా చెయ్యే మంచిది కాదేమో."

"నీ చేతికేం, బంగారం! బెండకి ఎండే అన్నం తల్లీ. నీడపట్టున ఉంచితే ఇలా పొడుగ్గా సాగుతుంది గానీ కాపు రాదు."

అత్తయ్య తాడు విప్పి గొడుగు తీసేసింది. గుమ్మంలో నిలబడ్డ మా ఆయన నాకేసి చూసి కళ్లెగరేశాడు.

"ఈవిడగారి గారాబం అలా ఉంటుందమ్మా! సరేగానీ, కాస్త కాఫీ ఎవరిస్తారు?"

అత్తయ్య ఆరడుగుల కొడుకుని ఎగాదిగా చూసింది. తర్వాత మొక్కల్ని చూసింది.

"పాతికేళ్లుగా నేనూ ఇదే పని చేశానే అమ్మాయ్," అంది మెల్లగా. "ఒరేయ్, వెళ్లి నువ్వే మా ఇద్దరికీ కాఫీ పెట్టుకురా."

"నేనా?"

"నువ్వే."

కాసేపు వంటింట్లో గిన్నెలు ఖంగుఖంగున మోగాయి. తర్వాత, "చక్కెర డబ్బా ఎక్కడ చచ్చింది?" అని కేక వినిపించింది.

నేను లోపలికి వెళ్లబోయాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"వెతుక్కోనీ."