నాలుగు గంటల లోపు

రోడ్డు మీదైతే పద్దెనిమిది గంటలు. విమానంలో గంటా యాభై నిమిషాలు. పెట్టెలో గుండె నిలిచేది నాలుగు గంటలే.

బస్సు డ్రైవర్‌కి దూరాల లెక్క కొత్త కాదు. అయినా ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని అదే లెక్క మళ్లీ మళ్లీ వేస్తున్నాడు.

నర్సు బయటికి రాగానే లేచాడు.

"విమానం లేచిందా అమ్మా?"

"లేచిందన్నా. పావుగంటైంది."

"ఎయిర్‌పోర్టు నుంచి ఆసుపత్రికి రోడ్డు ఖాళీ ఉంటుందంటావా? హారన్ కొడితే పక్కకి తప్పుకునేవాడెవడు? నాకు తెలీదా!"

"పోలీసులు చూసుకుంటారు. మీరు కూర్చోండి."

ఆమె వెనకే డాక్టరు వచ్చాడు. డ్రైవర్ చూపు ఆయన కాలరు దగ్గరే ఆగిపోయింది. నిన్న పొద్దున ఇదే వరండాలో ఆ కాలరు పట్టుకున్నాడు. కసాయివాడన్నాడు. నా బిడ్డ ఒంటి మీద కత్తి పడనివ్వనని అరిచాడు. చివరికి సాయంత్రం భార్య ఒప్పించింది. ఒక రోజు తన మొండితనానికే పోయింది. ఇప్పుడేమైనా తేడా వస్తే ఆ పాపం తనదే.

"సార్, నిన్న నేను..."

"వదిలేయండి. మీ చోట ఎవరున్నా అంతే."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

పక్క బెంచీ మీద ఒక ముసలామె. భర్తను చూపించడానికి వచ్చింది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. సంచిలోంచి బన్ను తీసి డ్రైవర్ చేతిలో పెట్టింది.

"తిను నాయనా. లోపల ఎవరు?"

"కూతురు."

"గుండె ఆపరేషనా?"

తలూపాడు.

"అదృష్టవంతుడివి. ఇక నీ పిల్ల గట్టెక్కినట్టే."

కాదనలేదు. ఆ మాట వినడానికి బాగుంది. బాగున్నందుకు సిగ్గేసింది.

ముసలామె అంతటితో ఊరుకోలేదు.

"మరి ఆ గుండె ఇచ్చినవాళ్ల సంగతో? అక్కడ వాళ్లకి కడుపుకోత. ఇక్కడ నువ్వు గడియారం చూసుకుంటూ బన్ను తింటున్నావు. వాళ్లు ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుని నిలబడతావయ్యా?"

"నిజమేనమ్మా," అన్నాడు.

చేతిలోకి చూసుకున్నాడు. బన్ను అయిపోయింది. కింద భార్య నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఒక ముక్కయినా మిగల్చాలన్న ఆలోచన రాలేదు.

విమానం దిగిందని కబురొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు ఏ కబురూ లేదు. ఎన్నోసార్లు తలుపు తెరుచుకుంది. అన్నిసార్లు లేచి నిలబడ్డాడు.

చివరికి నర్సు వచ్చింది. ఈసారి డ్రైవర్ పక్కనే కూర్చుంది.

"టైముకే చేరిందన్నా. కుట్లు వేయడం కూడా అయిందట."

"చెప్పానా!" ముసలామె రెండు చేతులూ జోడించింది. "ఇంకా కూర్చున్నావేం? వెళ్లి పిల్లని చూసుకో పో!"

నర్సు ఆమె వైపు ఒకసారి చూసి, డ్రైవర్ చేయి పట్టుకుంది.

"మన పాప గుండె అక్కడ ఎవరి బిడ్డ ఒంట్లోనో కొట్టుకుంటోందన్నా, ఇక వదినని పిలుచుకు రండి, పాపని ఇంటికి తీసుకెళ్దురుగాని."