ఐదో రోజు గడి

"మొదటి రోజు పొద్దున్న, రైలు దిగగానే స్టేషన్ ఎదురుగా బండి మీద టిఫిన్. కారం నషాళానికి అంటాలి," అన్నాడాయన, చార్టు మీద రాసుకుంటూ.

ఆవిడ స్టవ్ ఆపేసి వంటింట్లోంచి వచ్చింది. తను విన్నది నిజమేనా అని.

అనుమానం రాదూ మరి? ఇరవై రెండేళ్లుగా ఆ ఇంటి గడప కారం తొక్కలేదు. ఆయన టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగి. రోజుకు రెండు వందల కప్పులు. ఒక్కో చెంచా నోట్లో పోసుకోవడం, పుక్కిలించి ఉమ్మేయడం, ఈ ఆకు ఏ కొండది, ఏ వారం కోసింది చెప్పేయడం. అందుకని ఇంట్లో ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, మసాలా ఊసే లేదు. పెళ్లయిన కొత్తలో ఆవిడ ముచ్చటపడి కూరలో చిటికెడు మిరియాల పొడి వేసింది. ఆయన లేచి మూడుసార్లు నోరు కడుక్కుని, ఒట్టి అన్నం తిని ఆఫీసుకు వెళ్లిపోయాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ఆవిడా చప్పిడే తింది.

అలాంటి మనిషి చార్టు తెచ్చి, స్కేలు పెట్టి ఐదు గళ్లు గీశాడు. దేశంలోకెల్లా పెద్ద నగరం. మొదటి రోజు కోట, పాత బజారు. రెండో రోజు మ్యూజియం, సముద్రం. ప్రతి గంటకూ ఒక చోటు, ప్రతి చోటా ఒక తిండి. ఏ సందులో వేపుడు బాగుంటుందో, ఏ కొట్లో మిఠాయి పదకొండింటికల్లా అయిపోతుందో అంతా కనుక్కున్నాడు. నాలుగు గళ్లు చీమ దూరే సందు లేకుండా నిండాయి.

ఐదో గడి ఖాళీగా ఉంది.

"ఐదో రోజు ఏంటండీ?"

"చూద్దాంలే."

"తిరుగు టికెట్లు?"

"అక్కడికెళ్లాక చూసుకుందాం."

రానూపోనూ టికెట్లు చేతిలో లేకుండా పక్క ఊరైనా వెళ్లని మనిషి!

నెల కిందట పన్ను నొప్పని ఒక రోజు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినప్పటి నుంచీ ఇదే వరస. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప అనుకునే ఆయన, ఇప్పుడు నోరు మూయడం లేదు. ఎనిమిదేళ్లుగా మాటల్లేని తమ్ముడికి తనే ఫోన్ చేసి గంట సేపు నవ్వాడు. హాస్టల్లో ఉన్న కూతురికి చిన్నప్పటి జోలపాట పాడి వినిపించాడు. ఆవిడ కూరలు తరుగుతుంటే పక్కన కుర్చీ వేసుకుని, పెళ్లిచూపుల నాడు తనకేం అనిపించిందో చెప్పాడు. ఇరవై రెండేళ్ల తర్వాత!

మొన్న ఆఫీసు నుంచి తన చెంచా తెచ్చేశాడు. ఎవరినీ తాకనివ్వని చెంచా అది. అద్దాల బీరువాలో, పెళ్లి ఫొటో పక్కన పెట్టాడు.

"ఇదెందుకు తెచ్చారు?"

"ఇక్కడే ఉండనీ."

నిన్న ఒక కాగితం సగానికి మడిచి ముందు పెట్టాడు. "ఇక్కడో సంతకం చెయ్యి. హోటల్ వాళ్లు అడుగుతున్నారు." ఆవిడ చేసింది. ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు కదా, చదవాలని తోచలేదు.

ఫోన్లో అక్క అంతా వింది. "అతి వినయం ధూర్త లక్షణమని ఊరికే అన్నారటే? ఎవతెనో తగులుకుని ఉంటాడు. నోట్లో నాలుక లేనివాళ్లనే నమ్మకూడదు. చూసుకో మరి!"

అదే అయితే ఎంత బాగుండు అనుకుంది ఆవిడ. మొగుడికి ఇంకో ఆడది ఉంటే బాగుండునని కోరుకునే పెళ్లాం ఎక్కడైనా ఉంటుందా? ఆవిడ అలాగే కోరుకుంది. ఎందుకంటే ఆవిడ భయం వేరు. కిందటేడు పై అంతస్తు గుమస్తా కూడా ఇలాగే ఉన్నట్టుండి అందరినీ పేరుపేరునా పలకరించాడు. పాత తగాదాలన్నీ తీర్చుకున్నాడు. వారం తిరక్కుండా నడకకని వెళ్లి చెరువులో తేలాడు.

సాయంత్రం ఆయన సంచిలోంచి పచ్చిమిరపకాయ తీసి కసుక్కున కొరికాడు.

"అయ్యో, అదేం పని! నీళ్లు తాగండి!"

"ఉండనీవే. కాసేపు ఉండనీ."

ఆయన కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. ఒక్క మిరపకాయకు అన్ని నీళ్లా? అయినా నవ్వుతున్నాడు.

"రేపు కంపెనీలో ఏం చెప్తారు?"

"కంపెనీ సంగతి కంపెనీ చూసుకుంటుంది. నీకు నేను ఇరవై రెండేళ్లు చప్పిడి తిండి పెట్టాను. ఈ నాలుగు రోజులూ ఇద్దరం కలిసి తినాలి. అంతే."

ఆవిడ గట్టిగా ఒకటే అనుకుంది. ఐదో రోజు ఈ మనిషి చెయ్యి ఒక్క క్షణం వదలకూడదు. స్నానానికి వెళ్లినా తలుపు దగ్గరే కూర్చోవాలి. ఆయన్ని పోనివ్వకూడదు.

ప్రయాణం రోజు ఆయన ఆటో కోసం కిందికి దిగాడు. ఆవిడ చప్పున ఆయన పెట్టె తెరిచింది. మాత్రలున్నాయేమో, బ్లేడుందేమో. చొక్కాలు దులిపింది. సబ్బుపెట్టె విప్పి చూసింది. ఏమీ లేవు. అడుగున ఒక కవరు, అందులో తను సంతకం చేసిన కాగితం, మడత మడతగానే ఉంది.

కింద నుంచి ఆయన పిలుస్తున్నాడు. ముద్దుపేరు పెట్టి, వీధంతా వినపడేలా, గొంతెత్తి.

మడత విప్పితే పైన ఆ నగరంలోని ఒక ఆస్పత్రి పేరు, ఐదో రోజు తేదీ ఉన్నాయి. "నా భర్త ప్రాణం కాపాడేందుకు ఆయన నాలుకను పూర్తిగా తొలగించడానికి నాకు సమ్మతమే" అన్న మాటల కింద ఉన్న సంతకం తనదే.