రెండో బ్రేకు

"క్లచ్ మీంచి కాలు తియ్యి! అదేమన్నా కాళ్లు పెట్టుకునే పీటా?"

షోరూం గేటు కూడా దాటలేదు, నాన్న మొదలెట్టాడు. ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. స్కూలు కారులో మాస్టారి కాలి దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆయన ధైర్యమంతా దాని మీదే. ఇవాళ కూతురికి షోరూం మొత్తంలోకీ చవక కారు కొనిచ్చాడు.

"నీ డ్రైవింగుకి ఇదే ఎక్కువ. ముప్పై ఏళ్లొచ్చాయి, నీకన్నా ఎద్దుబండి నయం. బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకు, హారన్ కొట్టు!"

కూతురు హారన్ కొట్టింది.

మలుపులో బస్సు ఎదురొచ్చింది. నాన్న కాలితో బలంగా తొక్కాడు. కారు మెత్తగా ఆగింది. బస్సు పక్కనుంచి వెళ్లిపోయింది.

"చూశావా? నేను బ్రేకు తొక్కబట్టి బతికిపోయాం. నీ మొహానికి కారొకటి!"

"ఒకసారి కిందికి చూడు నాన్నా."

చూశాడు. ఆయన వైపు బ్రేకే లేదు. షోరూం వాళ్లు పరిచిన కొత్త కాగితం మాత్రం ఆయన చెప్పు కింద రెండు ముక్కలై ఉంది.

"చిరిగింది కాగితమేలే. వెళ్దామా?" అంది కూతురు.

మాస్టారు కాళ్లు సీటు కిందికి లాక్కున్నాడు.

"పోనీ," అన్నాడు.