ఎదురింటి బూచాడు

ధనశ్రీకి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మూడేళ్ల మోక్షితను ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని. రెండో భయం, ఆ పిల్ల అన్నం తినదని. మొదటి భయాన్ని చూపించి రెండోదాన్ని గట్టెక్కించడం ఆమె కనిపెట్టిన ఉపాయం.

ఆ మధ్యాహ్నం కూడా అదే జరుగుతోంది. మొహానికి పట్టించిన పసుపు ఆరేలోపు పిల్లకి తినిపించేసి స్నానానికి వెళ్లాలి. నూనె రాసిన జుట్టు విరబోసుకుని, పప్పన్నం గిన్నెతో బాల్కనీలో నిలబడింది.

"తింతావా, తినవా? అదిగో, ఎదురు డాబా మీద బూసోడు! పిలవమంటావేటి?" అని వేలు చూపించి, కళ్లు ఇంతింత చేసింది.

ఎదురు డాబా మీద తెస్ఫాయే బట్టలు ఆరేస్తున్నాడు. ఇథియోపియా మనిషి. ఆరడుగుల పైన ఎత్తు, నల్లటి ఒళ్లు, తల మీద తుప్పలాంటి జుట్టు. ఆరు నెలల కిందట పెళ్లాం, పిల్లాడితో ఆ పై వాటాలో దిగాడు. మోక్షిత అతన్ని చూసి నోరు తెరిచింది. ముద్ద లోపలికి పోయింది.

అక్కడ అతని భార్య హిరుత్ కూడా గడపలో కూర్చుని కొడుకు దావిత్‌కి తినిపిస్తోంది. వాడు ధనశ్రీనే చూస్తూ గుటుక్కుమని మింగాడు. తల్లి వాడి చెవిలో ఏదో అంది. 'జిబ్బో' అన్న మాట ఒక్కటే ఇవతలికి వినబడింది. వాడు ఇంకో ముద్ద మింగాడు.

"ఆ గుంటడ్ని సూడు, ఎంత బుద్ధిగా తింతన్నాడో!" అంది ధనశ్రీ కుళ్లుకుంటూ.

వడియాలు ఎత్తడానికి పైకొచ్చిన ఇంటావిడ భ్రమరాంబ ఆ మాట వింది.

"ఆయన్ని బూసోడంటావేటే? యూనివర్సిటీలో పెద్ద సదువు సదూతన్నాడు."

"ఏటి సదువు పిన్నీ?"

"సెడు గురించట. మనిషిలో సెడు ఎక్కడ పుడతాది, ఒక రంగోళ్లు ఇంకో రంగోళ్లని ఎందుకు కొడతారు, ఎందుకు సంపుతారు... అదీ."

"ఒలమ్మో! సెడు నేర్సుకోడానికి ఇంత దూరం వచ్చీసేడా?"

"నేర్సుకోడానికి కాదే, కనిపెట్టడానికి."

"దొరికిందటా?"

"ఇంకా ఎతుకుతన్నాడు."

సాయంత్రం పోర్టులో క్రేను దిగి ఇంటికొచ్చిన మొగుడు దుర్గారావు, ధనశ్రీ చెప్పిందంతా విని పగలబడి నవ్వాడు.

"ఆడు నలుపైతే నువ్వేటి, వెన్నపూసవా? బొగ్గు షిప్పు దింపిన రోజు నన్ను ఆడి పక్కన నిలబెట్టు. ఆడే తెల్లగుంతాడు."

"నీకన్నీ ఎటకారాలే. పిల్ల పోతే తెలుస్తాది!"

పిల్ల మర్నాడే పోయింది.

ధనశ్రీ పెరట్లోకి వెళ్లి నీళ్ల మోటారు కట్టేసి వచ్చేసరికి బాల్కనీలో అన్నం గిన్నె ఉంది, మోక్షిత లేదు. వీధి గేటు బార్లా తెరిచి ఉంది. ధనశ్రీ మొహం నిండా పసుపుతో, విరబోసుకున్న జుట్టుతోనే వీధి దాటి, ఎదురింటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి తలుపు తోసింది.

నేల మీద ఒకటే పెద్ద పళ్లెం. అందులో పుల్లట్టులాంటి రొట్టె, మధ్యలో పప్పు. చుట్టూ అందరూ కూర్చున్నారు. తెస్ఫాయే రొట్టె ముక్కలో పప్పు చుట్టి మోక్షిత నోట్లో పెడుతున్నాడు. అతని వేళ్లు కూడా కొరికేసేలా ఉంది పిల్ల.

"అమ్మా, బూసోడు ముద్ద ఎడతన్నాడు!"

తెస్ఫాయే కంగారుగా లేచాడు. "క్షమించండి అక్కా. పాప ఒక్కతే రోడ్డు దాటి వచ్చింది. మీ దగ్గరికి తీసుకొస్తుంటే 'నాకూ ముద్ద' అని కూర్చుంది." పుస్తకంలో నేర్చుకున్న తెలుగు. "అక్కా, బూసోడు అంటే ఏమిటి? నాకు ఈ మాట తెలియదు."

ధనశ్రీ నాలుక్కరుచుకుంది. "అంటే... మావయ్యలాంటిదే బాబూ."

అతను మురిసిపోయి నోటుబుక్కులో రాసుకున్నాడు.

దావిత్ మాత్రం ధనశ్రీని చూడగానే తల్లి వెనక్కి జరిగాడు. రెండు చేతులా రొట్టె కుక్కుకుని, మింగి, ఖాళీ నోరు తెరిచి చూపించాడు. "జిబ్బో," అన్నాడు మెల్లగా.

"జిబ్బో అంటే ఏటి బాబూ?"

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంటే... అత్తలాంటిదే అక్కా," అన్నాడు తెస్ఫాయే.

ధనశ్రీ కరిగిపోయింది. ఎత్తుకోబోతే వాడు సిగ్గుపడి తల్లి ఒళ్లో మొహం దాచుకున్నాడు.

ఆ రోజు నుంచి బాల్కనీలోకి రావడానికి ఆమెకు మొహం చెల్లలేదు. పిల్లకి లోపలే తినిపిస్తోంది. 'బూసోడి ముద్ద' అంటే చాలు, మోక్షిత నోరు తెరుస్తోంది.

"ఆయన ఎతికే సెడు ఆయన దగ్గర మాత్రం నేదు పిన్నీ," అంది ధనశ్రీ, భ్రమరాంబతో.

"అన్నట్టు, బూసోడంటే ఏటని నన్నడిగేడే."

"సెప్పీసేవా?"

"సెప్పీసేను."

ధనశ్రీకి ఆ పూట ముద్ద దిగలేదు.

మూడో రోజు హిరుత్ వచ్చి, చేతిలో మడత కాగితం పెట్టి, నవ్వి వెళ్లిపోయింది. ఒకటో తరగతి పిల్లాడు రాసినట్టున్న అక్షరాలు. ఏడో తరగతితో బడి మానేసిన ధనశ్రీ కూడబలుక్కుంటూ చదివింది.

'అక్కా, బూసోడు అంటే ఏమిటో భ్రమరాంబగారు చెప్పారు. నాకు కోపం లేదు. చాలా నవ్వాను. మీరు మూడు రోజులుగా బాల్కనీలోకి రావడం లేదు. దావిత్ అన్నం తినడం లేదు. మీరు కనబడితేనే తింటాడు. దయచేసి ఒక్కసారి వచ్చి మా వాణ్ని చూసి వెళ్లండి.'

పరాయి దేశం పిల్లాడికి తన మీద ఇంత బెంగా! ధనశ్రీ కళ్లు తుడుచుకుంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టింది. అప్పుడు కనబడింది, కాగితం వెనక ఇంకో వాక్యం.

'జిబ్బో అన్నా బూసోడే.'