సాక్ష్యానికి పనికొచ్చే బొమ్మ

కోర్టులు ఫొటోలను నమ్మడం మానేసి తొమ్మిదేళ్లయింది. ఎవరి ముఖాన్నయినా ఎక్కడైనా అతికించగల రోజుల్లో, ప్రమాణం చేసి చేత్తో గీసిన బొమ్మే సాక్ష్యం. కానిస్టేబుల్ నూకరత్నం గీసిన బొమ్మ గుమ్మడికాయలా ఉందని జడ్జి ఒక గొలుసు దొంగను వదిలేశాడు. ఏడాదిలోగా డ్రాయింగ్ పరీక్ష గట్టెక్కకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. అందుకే సెలవు పెట్టి రాజమండ్రిలో చిత్రకళ నేర్పే బడి వెతుక్కుంటోంది.

మొదటి బడిలో ఏసీ హాలు ఉంది. "ముందు నా బొమ్మ గీసి చూపించండి," అంది. ప్రిన్సిపాల్ పావుగంటలో గీశాడు. పెళ్లినాడు కూడా ఆమె అంత అందంగా లేదు.

"నా దవడ మీద కత్తిగాటు ఏదండీ?"

"అదెందుకమ్మా, బొమ్మకి అందం పోద్ది."

రెండోది రేకుల షెడ్డు. పేర్రాజు మాస్టారు బొగ్గుముక్కతో గంటన్నర గీశాడు. మధ్యలో కసురుకున్నాడు కూడా.

"కదలకమ్మా. దొంగలైనా నీకంటే కుదురుగా కూర్చుంటారు."

బొమ్మలో కత్తిగాటు ఉంది. కళ్ల కింద నలుపు ఉంది. ఇంట్లోవాళ్లకు కూడా ఆమె కనబడనివ్వని భయం ముఖమంతా ఉంది.

"నేనింత బెదిరిపోయి ఉన్నానా మాస్టారూ?"

"ఉన్నావమ్మా. నేనేమీ కలపలేదు."

నూకరత్నానికి ఆ బొమ్మ నచ్చలేదు. కానీ ఇలాంటి బొమ్మ ముందు నిలబడి, అది నేను కాదని ఏ దొంగా బుకాయించలేడు.

"చేరడానికి దరఖాస్తు ఫారం ఇవ్వండి," అంది.