రెండో తొట్టి

సముద్రంలో పగడపు జీవులన్నిటినీ మనుషులు చంపేశాక, ఇంటింటా ఉప్పునీళ్ల తొట్లలో పెంచమని ప్రభుత్వం పిలుపిచ్చింది. నూకరాజు ఇంట్లో ఉన్నది చనిపోయిన భార్య పైడమ్మ పెంచిన ఎర్ర పగడం. ఆవిడ ప్రాణంగా చూసుకున్నవాటిలో అదొక్కటే మిగిలింది. ఇప్పుడు ఇంటికి రెండో తొట్టి కూడా ఇచ్చి, పాతదానికి గొట్టంతో కలపమన్నారు.

అపార్టుమెంటు ప్రెసిడెంటు సన్యాసినాయుడు కొత్త తొట్టికి పసుపు రాసి, పూజ పేరుతో రాగి కలశాన్ని రాత్రంతా అందులోనే నానబెట్టాడు.

"రాగి నీళ్లు తగిల్తే పగడం సచ్చిపోద్ది. కుళాయి తిప్పకు," అన్నాడు నూకరాజు.

"శుభమా అని కలుపుతుంటే ఆ మాటలేటి బావా!" అంటూ నాయుడు గొట్టం కుళాయి తిప్పేశాడు.

సాయంత్రానికి పగడం పాలిపోయి తెల్లబడింది.

"ఎంత కళగా ఉందో!" అని నాయుడు ఫొటో తీసుకున్నాడు.

పైడమ్మ శవాన్ని చూసినప్పుడూ ఆయన అన్నది ఇదే మాట.